గాజు రొయ్యకు అల్లిన మావు

అనగా అనగా, మన తాతల తాతలు కూడా ఇంకా పుట్టని రోజుల్లో, సముద్రపుటొడ్డున వేణుకోట అని ఒక రాజ్యం ఉండేది. వెనక వెదురు వనాలు, ముందు సముద్రం. ఆ రాజ్యాన్ని ధర్మసేనుడనే రాజు ఏలుతూ ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయసేనుడు, కత్తి పడితే తిరుగులేదు. రెండోవాడు వీరసేనుడు, గుర్రమెక్కితే తిరుగులేదు. మూడోవాడు మృదుసేనుడు. వాడికి భయం ఎక్కువ.

ఎంత భయమంటే, పడుకోబోతూ తలుపు గడియ పడిందో లేదో మూడుసార్లు చూసుకునేవాడు. అన్నలు చెట్టెక్కితే తను కింద నిలబడి, "అన్నయ్యా, ఆ కొమ్మ మీద కాలు పెట్టకు, ఊగుతోంది" అని అరిచేవాడు. అన్నలు సాము చేస్తుంటే తను మేదరుల వాకిట్లో కూర్చుని బుట్టలల్లేవాడు. చేతికి పని ఉంటే గుండెదడ కాస్త తగ్గేది మరి.

ఇలా ఉండగా, సముద్రం మీదికి వెళ్ళిన ఓడలు తిరిగి రావడం మానేశాయి. ఒక ఓడ పోయింది, రాలేదు. ఇంకో ఓడ పోయింది, రాలేదు. "నేను చూసొస్తాను" అని జయసేనుడు కత్తి తీసుకుని వెళ్ళాడు. రాలేదు. "నేను అన్నయ్యను తీసుకొస్తాను" అని వీరసేనుడు వెళ్ళాడు. అతనూ రాలేదు.

రాణిగారు సముద్రం కనిపించే కిటికీ వదలడం లేదు. మృదుసేనుడికి ముద్ద దిగడం లేదు. చివరికి ఒకరోజు తండ్రి దగ్గరికి వెళ్ళి, "నాన్నగారూ, నేను వెళతాను" అన్నాడు. అనేసి తనే ఉలిక్కిపడ్డాడు.

"నీకు భయం కదురా!" అన్నాడు రాజు.

"వెళ్ళడానికి భయంగానే ఉంది నాన్నగారూ. ఇక్కడ కూర్చోడానికి ఇంకా భయంగా ఉంది."

రాజు అతని తలమీద చెయ్యి పెట్టి పంపాడు. మృదుసేనుడు బుట్టలల్లే చురకత్తి మొలలో దోపుకుని, అటుకుల మూట భుజాన వేసుకుని ఒడ్డుకు వెళ్ళాడు. అక్కడ ఇసుకలో ముసలి తాబేలొకటి వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. డిప్పకు దెబ్బ తగలకుండా మెల్లగా దాన్ని బోర్లా తిప్పాడు.

"చల్లగా ఉండు నాయనా. ఎక్కడికి పోవాలి?" అంది తాబేలు.

"మా అన్నలు ఎక్కడుంటే అక్కడికి, తాతా."

తాబేలు సముద్రం వైపు మెడ సాచింది. "ఏడో సముద్రంలో జలజిహ్వుడనే మాంత్రికుడి ద్వీపం ఉంది. ఓడలన్నీ అక్కడికే పోయాయి. ఎక్కు."

ఉప్పు సముద్రం దాటారు. "మునుగుతామా తాతా?" అన్నాడు మృదుసేనుడు. "మునగం నాయనా" అంది తాబేలు. చెరకు రసం సముద్రం దాటారు. కల్లు సముద్రంలో తాబేలు కాస్త తూలింది. "మునుగుతామా తాతా?" "మునగం నాయనా." నెయ్యి సముద్రంలో చెయ్యి జారిపోయి దాని మెడ కావలించుకున్నాడు. పెరుగు సముద్రం దాటారు, పాల సముద్రం దాటారు. ఏడోది మంచినీళ్ళ సముద్రం. దాని నడుమ ఒక ద్వీపం. ద్వీపం కనబడగానే "మునుగుతామా" అని అడగడం మానేశాడు. అంతకంటే పెద్ద భయం పట్టుకుంది.

"నేను ఈ రాళ్ళ చాటున ఉంటాను. ఇంకెవరి కంటా పడకు" అంది తాబేలు.

ద్వీపం నడుమ ఒక వాగు పారుతోంది. వాగు గట్టున ఒక అమ్మాయి కడవతో నీళ్ళు ముంచుతోంది. అతన్ని చూడగానే కడవ దించేసి పరుగున వచ్చింది.

"మళ్ళీ ఇంకొకడా! వెళ్ళిపో, వాడు చూడకముందే వెళ్ళిపో!"

"మా అన్నల కోసం వచ్చాను. ఇద్దరూ నాలాగే ఉంటారు. నా అంత భయపడరు."

ఆ అమ్మాయి పేరు తరళ. ఆ ద్వీపాన్ని ఏలిన రాజుగారి కూతురు. ఇప్పుడు మాంత్రికుడికి వంటా, నీళ్ళూ చూస్తోంది. ఆమె అతన్ని తుంగ పొదల్లోకి లాగి, దూరంగా ఉన్న ఒక ఇంటిని చూపించింది. దాని అరుగు మీద ఎండలో కుండలు వరసగా ఉన్నాయి.

"వాడి మంత్రదండం మొన తగిలితే మనిషి నీళ్ళయిపోతాడు. ఆ నీళ్ళు కుండకెత్తి ఎండలో పెడతాడు. అవి ఆరిపోతుంటే కూర్చుని చూస్తాడు. చివరి చుక్క ఉన్నంతవరకే మనిషి. చివరి చుక్క ఆరితే..." అని ఆగిపోయింది. "మొదటి కుండ మా నాన్నగారిది" అంది. ఆ కుండ ఖాళీ.

"మా అన్నలవి?"

"చివరి రెండూ. చిన్నవాడిది మెడ దాకా ఉంది. పెద్దవాడిది సగానికి వచ్చింది."

మృదుసేనుడు లేచి నిలబడబోయాడు. "కుండలెత్తుకుని పారిపోదాం."

"వాడు తప్ప ఇంకెవరు అరుగు మీంచి దింపినా కుండ పగులుతుంది."

"పోనీ నీళ్ళు పోసి నింపితే?"

"వేరే నీళ్ళు చుక్క కలిసినా మనిషి మళ్ళీ మనిషి కాడు. చాటుమాటుగా తడిగుడ్డ చుట్టి కాస్త చల్లబరుస్తున్నాను. అంతకంటే ఏమీ చేయలేను."

"వాడి ప్రాణం ఏ చిలకలోనో ఉంటుంది కదా!"

"మీ పెద్దన్న కూడా అలాగే అనుకుని పంజరంలో చిలక మెడ విరిచాడు. వాడు పగలబడి నవ్వాడు. రెండో అన్న భరిణెలో తుమ్మెదను నలిపాడు. అప్పుడూ నవ్వాడు. అవి ఊరికే పెట్టుకున్నాడు, మీలాంటివాళ్ళ కోసం." తరళ గొంతు తగ్గించింది. "వాడు తినని జీవి లేదు. కాకిని కూడా వదలడు. కానీ రొయ్యను తినడు, ఎవరినీ పట్టనివ్వడు. ఈ వాగులో ఒక రొయ్య ఉంది. ఒళ్ళంతా గాజులా ఉంటుంది, లోపల గురివింద గింజంత ఎర్రటి చుక్క. ఒకసారి నా కడవ దాని పక్కన మునిగితే అది ఎగిరిపడి వెనక్కి పోయింది. అదే క్షణాన అరుగు మీద వాడికి ఎక్కిళ్ళొచ్చాయి. మళ్ళీ ముంచి చూశాను. మళ్ళీ ఎక్కిళ్ళు."

మృదుసేనుడు వాగులోకి వంగి చూశాడు. మొగలి వేళ్ళ చీకట్లో ఏదో మెరిసింది. ఎర్రటి చుక్క ఒకటి కదిలింది, మాయమైంది. చేత్తో పట్టబోతే దొరకదు. వల వేసి తరిమితే వేళ్ళ సందుల్లో దూరుతుంది, అంతలో వాడు ఎక్కిళ్ళు పెట్టుకుంటూ పరిగెత్తుకొస్తాడు. అది బెదరకూడదు. తనంతట తను రావాలి, వచ్చాక పోలేకపోవాలి.

"మావు అల్లాలి" అన్నాడు. చేపలకూ రొయ్యలకూ నీళ్ళలో పెట్టే వెదురు బుట్టను మావు అంటారు కదా, అది.

మొదటి మావు ఆ పూటే అల్లాడు. గట్టున వెదురు కొట్టి, బద్దలు చీరి, వెడల్పు మూతితో గంపలాంటిది కట్టాడు. లోపల తరళ తెచ్చిన అన్నం ముద్ద పెట్టాడు. పొద్దుగూకే వేళ మొగలి వేళ్ళ దగ్గర ముంచి, తాడు ముడి మూడుసార్లు లాగి చూసుకున్నాడు. తెల్లవారగానే ఎత్తి చూస్తే అన్నం లేదు, రొయ్యా లేదు.

వాగులోంచి ఒక ఎండ్రకాయ పక్కపక్కకు నడుచుకుంటూ గట్టెక్కింది. "బాబూ, భోజనం నువ్వేనా పెట్టింది? చాలా బాగుంది. రొయ్యలన్నీ వచ్చాయి, తిన్నాయి, వెళ్ళాయి. ఆ గాజుది కూడా తింది."

"వెళ్ళిపోయిందా?"

"మరి తలుపు తీసే ఉంటివి కదా!"

తరళ నీళ్ళకు వచ్చింది. మృదుసేనుడు మావు సంగతి చెప్పకుండా, "పెద్దన్నయ్య ఎంత ఉన్నాడు?" అని అడిగాడు. ఆమె కడవ మీద వేలితో గీత గీసి చూపించింది. సగానికి బాగా కిందికి వచ్చింది.

ఆ రోజు ఎండ మండిపోతోంది. మబ్బు ఒక్కటైనా లేదు. మృదుసేనుడికి తన చర్మమే ఆరిపోతున్నట్టుంది. వాగు మీదికి వాలిన ఈతచెట్టుకు గిజిగాడి గూళ్ళు వేలాడుతున్నాయి. వాటిలో ఒక గిజిగాడు తల బయటపెట్టి, "ఏమోయ్ అబ్బాయ్, దాన్ని అల్లిక అంటారా? గడ్డిమోపు అంటారు" అంది.

"నీ గూటి గొంతు అంత పొడుగ్గా కిందికెందుకు వేలాడదీశావు?" అని అడిగాడు మృదుసేనుడు.

"పాము లోపలికి రాకుండా. గొంతు బయటికి సాగితే బయటివాడికి దారి దొరకదు."

మృదుసేనుడు గూటివంక చాలాసేపు చూశాడు. "ఆ గొంతు లోపలికి తిప్పితే?"

గిజిగాడు తల ఒక పక్కకు వాల్చింది. "తిప్పితే... లోపలివాడికి దారి దొరకదు! ఓయబ్బో! జరుగు, బద్దలెలా చీరాలో చూపిస్తాను."

అలా రెండో మావు తయారైంది. పొడుగాటి బుట్ట, మూతి దగ్గర వెడల్పుగా మొదలై లోపలికి పోయేకొద్దీ ఇరుకైపోయే గొంతు. గొంతు చివర బద్దలు గిజిగాడు ముక్కుతో గీకి గీకి, వంగేంత సన్నగా చేసింది. లోపలికి తోస్తే వంగి దారి ఇస్తాయి, వెనక్కి వస్తే మొనలు గుచ్చుకుంటాయి. మృదుసేనుడు నత్తల మాంసం నలిపి అడుగున గోడవారగా పెట్టాడు. పొద్దుగూకే వేళ ముంచి, తాడు ముడి మూడుసార్లు చూసుకున్నాడు.

తెల్లవారుతుండగా ఒక్కసారిగా ఎక్కిళ్ళు వినిపించాయి. మాంత్రికుడు వస్తున్నాడు! మృదుసేనుడు తుంగలోకి జారి, ముక్కు మాత్రం నీళ్ళపైన ఉంచి, ఊపిరి బిగబట్టాడు. జలజిహ్వుడు తాటిచెట్టంత మనిషి. నాలుక గడ్డం దాకా వేలాడుతూ ఉంటుంది. వాగంతా దండంతో కెలికాడు గాని, మొగలి వేళ్ళ చాటున ఉన్న మావు వాడి కంట పడలేదు. దండం మొన మృదుసేనుడి చెవి పక్కగా నీళ్ళలో దిగింది, పైకి లేచింది. ఇంకొక్క బెత్తెడు ఇటు పడితే తనూ వాగునీళ్ళలో కలిసిపోయేవాడు. వాడు గొణుక్కుంటూ వెళ్ళిపోయిన చాలాసేపటికి గాని మృదుసేనుడు నీళ్ళలోంచి లేవలేదు.

మావు ఎత్తి చూస్తే నాలుగు పిచ్చి రొయ్యలున్నాయి. గాజుది లేదు.

"ఎందుకు రాలేదు?" అని ఎండ్రకాయను అడిగాడు. ఏడుపొక్కటే తక్కువ.

"వచ్చింది బాబూ. వాసన ఎటు పోతుంది? నీళ్ళెటు పోతే అటు. మేం కింద నుంచి వాసన పట్టుకుని పైకి నడుస్తాం. నువ్వేమో మూతి నీళ్ళొచ్చే వైపుకు పెట్టావు. అది నీ బుట్ట వెనక గోడ దగ్గరికి వచ్చి, సందులోంచి కాళ్ళు పెట్టి నత్తమాంసం లాక్కుని తింది. మీసం బద్దల్లో ఇరుక్కుంటే గింజుకుని పోయింది. అందుకే వాడికి ఎక్కిళ్ళు. ఇంకో మాట. అది ఇప్పుడు బెదిరింది. మామూలు ఎరకు రాదు."

తరళ ఆ రోజు ఆలస్యంగా వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. "పెద్దన్నయ్య కుండలో అడుగున చారెడు ఉంది" అంది. 

మృదుసేనుడే ముందు తేరుకున్నాడు. "ఆ రొయ్య ప్రాణం, వాడి ప్రాణం ఒకటే కదా. వాడికి ఏమంటే చచ్చేంత ఇష్టం?"

"కాల్చిన కొబ్బరి. రోజూ పొద్దుగూకే వేళ నిప్పుల మీద కాల్చి పెట్టాలి. వాసన తగిలితే చాలు, ఆ నాలుక..." తరళ ఆగింది. "ఈ పూట పెట్టకపోతే?"

"రొయ్యకు కూడా ఆశ పుడుతుంది."

"వాడికి కోపం వస్తుంది" అంది తరళ మెల్లగా. అయినా ఇంటికి వెళ్ళి, ఒక్క కాయ తప్ప ఉన్న కాయలన్నీ ఇంటి వెనక మడుగులో పారేసింది. ఆ ఒక్కటీ కాల్చి, ఒళ్ళో దాచి తెచ్చింది.

మూడో మావు ఆ ఇద్దరూ, గిజిగాడూ కలిసి అల్లారు. బద్దల మధ్య రొయ్య కాలు కూడా దూరనంత బిగువుగా అల్లారు. గొంతు కొస రెండు వేళ్ళు పట్టేంత ఉంచారు. మొనలు తప్ప బద్దలంతా గీకి నున్నగా చేశారు, మీసాలకు తగిలినా బెదరకుండా. కాల్చిన కొబ్బరి దంచి, వేయించిన తవుడుతో కలిపి, పలచటి గుడ్డలో మూటకట్టి, ఏ గోడకూ అందకుండా నట్టనడుమ వేలాడదీశారు. అడుగున బరువుకు రాళ్ళు పెట్టారు. పైన మొగలాకులు కప్పి చీకటి చేశారు. మూతి కిందికి, నీళ్ళు పారిపోయే వైపుకు తిప్పి ముంచారు. మృదుసేనుడు ముడి మూడుసార్లు చూసుకుని, నాలుగోసారి కూడా చూసుకున్నాడు.

తరళ ఇంటికి వెళ్ళిన కాసేపటికి అటువైపు నుంచి అరుపు వినిపించింది. "తరళా! నా కొబ్బరేదీ?"

"అయిపోయింది" అని తరళ బదులు చెప్పడం వినిపించింది.

"అయిపోయిందా? సరే. తెల్లారేసరికి కొబ్బరి దొరక్కపోతే ఆ కుండలో చారెడూ నేలమీద పోస్తాను. చూస్తూ ఉండు!"

తుంగ పొదలో మృదుసేనుడు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. కళ్ళు మూస్తే కుండ ఒలికిపోతూ కనిపించింది. తెరిస్తే వాగు నల్లగా కనిపించింది. తాడు పట్టుకుని చూద్దామా అనిపించింది. పట్టుకుంటే కదులుతుంది, కదిలితే బెదురుతుంది. చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని, వణుకుతూ, తూర్పు ఎర్రబడేదాకా అలాగే ఉండిపోయాడు.

తొలివెలుగు నీళ్ళ మీద పడగానే ఎండ్రకాయ పరుగున వచ్చింది. "లాగు బాబూ!"

లాగాడు. నీళ్ళు కారిపోతున్న మావులో, కొబ్బరి మూటను కాళ్ళతో కావలించుకుని, గాజులాంటి రొయ్య. లోపల ఎర్రటి చుక్క కొట్టుకుంటోంది.

అంతలో "హిక్!" అని వాగంతా అదిరింది. జలజిహ్వుడు గుండె పట్టుకుని పరిగెత్తుకొస్తున్నాడు. ఒక చేతిలో మంత్రదండం, ఒక చేతిలో జయసేనుడి కుండ. వెనక తరళ.

మృదుసేనుడు మావును బండరాయి మీదికి ఎత్తి పట్టుకున్నాడు. "దగ్గరికి రాకు! నన్ను నీళ్ళు చేస్తే ఇది రాతిమీద పడుతుంది!" గొంతు వణికింది, చేతులు వణికాయి, మావు కూడా వణికింది. ఆ వణుకు చూసి మాంత్రికుడికే భయమేసింది, ఎక్కడ పడేస్తాడోనని.

"దాన్ని నీళ్ళలో వదులు. లేకపోతే నీ అన్నను మట్టిలో పోస్తాను" అని కుండ వంచాడు. అంచున ఒక చుక్క మెరిసింది.

"ఆగు! వదులుతాను." మృదుసేనుడు మావును మెల్లగా గట్టుదగ్గరి నీళ్ళలోకి దించాడు. "మూతి తెరిచే ఉంది. పొమ్మను నీ ప్రాణాన్ని."

జలజిహ్వుడు చూశాడు. మూతి తెరిచే ఉంది. రొయ్య మాత్రం మూట చుట్టూ తిరుగుతోంది, గోడకు కొట్టుకుంటోంది, మళ్ళీ మూట దగ్గరికి వస్తోంది. గొంతు కొస దానికి కనిపించడం లేదు. మావు చించుదామంటే చేతికింద రొయ్య నలుగుతుందని భయం. వాడికి ఓర్పు పోయింది. కుండను గట్టుమీద పెట్టి, దండం మొలలో దోపుకుని, వంగి, మావు గొంతులోకి చెయ్యి దూర్చాడు. బద్దలు వంగి దారి ఇచ్చాయి. రొయ్య గుప్పిట్లోకి వచ్చింది. చెయ్యి వెనక్కి లాగాడు.

రాలేదు.

మొనలన్నీ మణికట్టుకు దిగాయి. లాగినకొద్దీ దిగుతున్నాయి. వాడు రెండో చేత్తో దండం అందుకోబోతే తరళ వెనక నుంచి లాక్కుని మోకాలి మీద పెట్టి విరిచేసింది. వాడు గావుకేక పెట్టి కాళ్ళు విదిల్చాడు. గట్టుమీది కుండకు కాలు తగిలింది. కుండ ఒక్కసారి ఊగి, వాలి, వాగు వైపుకు దొర్లింది.

మృదుసేనుడు మావును పట్టుకుని ఉన్నాడు. వదిలితే వాడు మావుతో సహా లేచి పోతాడు. వదలకపోతే అన్నయ్య వాగులో కలుస్తాడు. అప్పుడు మృదుసేనుడు ఏమీ ఆలోచించలేదు. మావు వదిలేసి ఒడ్డుమీదికి బోర్లాపడి, నీటి అంచున రెండు చేతులతో కుండను కడుపులోకి హత్తుకున్నాడు. లోపల గుక్కెడు నీళ్ళు గలగలమన్నాయి. మిగతావి గట్టుమట్టిలో ఇంకిపోతున్నాయి.

పట్టు వదలడంతోనే జలజిహ్వుడు బలమంతా పెట్టి చెయ్యి గుంజాడు. గుప్పిలి విప్పి ఉంటే చెయ్యి వచ్చేదేమో. కానీ వాడు ప్రాణం జారిపోతుందని ఇంకా బిగించాడు. గుప్పిట్లో ఏదో పుటుక్కుమంది.

జలజిహ్వుడు ఆశ్చర్యంగా తన చేతివంక చూసుకున్నాడు. అలా చూస్తూనే తాటిమొద్దులా వాగులో కూలిపోయాడు. నీళ్ళు వాడిమీదుగా పారిపోయాయి.

అరుగు మీద కుండలు ఒక్కొక్కటే పగలడం మొదలెట్టాయి. ఓడవాళ్ళు లేచారు, కళ్ళు నులుముకున్నారు. వీరసేనుడు లేచి, "గుర్రమేదీ?" అన్నాడు. మృదుసేనుడి చేతుల్లో కుండ వెచ్చబడింది, పగిలింది, అతని ఒళ్ళోకి జయసేనుడు వచ్చిపడ్డాడు. ఎముకలగూడులా ఉన్నాడు. చిన్నపిల్లాడంత తేలిగ్గా ఉన్నాడు.

"అన్నయ్యా!"

జయసేనుడు అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు. "నువ్వెవరు బాబూ? నిన్ను ఎక్కడో చూశాను."

ఆరిపోయిన నీళ్ళతో అతని జ్ఞాపకాలు ఏవేవో పోయాయి. మృదుసేనుడు ఏడవలేదు. "నేను మృదుసేనుణ్ణి. మీ తమ్ముణ్ణి. నెమ్మదిగా గుర్తొస్తుంది. రాకపోయినా నేను చెబుతూ ఉంటాను" అన్నాడు. జయసేనుడు అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు.

మొదటి కుండ మాత్రం పగల్లేదు. తరళ దాని పక్కన అరుగు మీద కూర్చుంది. మృదుసేనుడు వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు. పొద్దెక్కాక ఆమే లేచి, కుండను వాగు ఒడ్డుకు తీసుకెళ్ళి, మొగలి మొదట్లో పాతిపెట్టింది. ఆ గుంత అతనే తవ్వాడు.

తాబేలు దారి చూపుతూ, ఒడ్డున ఆగి ఉన్న ఓడల్లో అందరినీ దాటించింది. ఆరు సముద్రాల మీదా జయసేనుడు తమ్ముడి పేరు అడుగుతూనే ఉన్నాడు. ఉప్పు సముద్రం దగ్గరికి వచ్చేసరికి అడగకుండా పిలిచాడు. రాణిగారు కిటికీ వదిలి ఒడ్డుకు పరిగెత్తుకొచ్చారు.

వేణుకోటలో మృదుసేనుడికీ తరళకూ పెళ్ళి చేశారు. ఎండ్రకాయ సిగ్గుపడి రాలేదు గాని, గిజిగాడు వచ్చి పెళ్ళి పందిరి అల్లిక బాగాలేదని పందిరంతా విప్పి మళ్ళీ అల్లింది. జయసేనుడు ఒళ్ళు తేరుకుని తండ్రి సింహాసనం ఎక్కాడు. మృదుసేనుడు తరళతో కలిసి ఏడో సముద్రంలోని ఆమె ద్వీపానికి రాజయ్యాడు.

చాలాకాలం ఏలారు వాళ్ళు. వానలు ఎక్కువ పడితే రాజుగారికి భయం, పడకపోతే భయం, పిల్లలకు జలుబు చేస్తే భయం. అందుకని గట్లు ముందే వేయించేవాడు, గాదెలు ముందే నింపేవాడు, ఓడలు బయల్దేరే ముందు తనే వెళ్ళి పలకలు తట్టి చూసేవాడు. ఆయన ఏలినన్నాళ్ళూ ఆ ఒడ్డు నుంచి వెళ్ళిన ఓడ ప్రతిదీ తిరిగివచ్చింది. చీకటి పడేముందు ఒడ్డున అమ్మలు నిలబడి చూస్తుంటే, తెరచాపలు ఒకటొకటే కనిపించేవి. వాళ్ళు లెక్కపెట్టుకుని, దీపాలు పట్టుకుని, పిల్లల్ని చంకనెత్తుకుని ఇళ్ళకు పోయేవారు.

కథ ఒడ్డుకు చేరింది. మీరిక కళ్ళు మూసుకోండి.